తిరుపతిలో మా పాతింటి మరమ్మతు: ఎక్కడివరకు అన్నది తేల్చుకున్న అనుభవం

ఇల్లు బాగుచేయించాలని మేము అనుకున్నది 2025 సంక్రాంతికి, అందరం ఒకచోట చేరినప్పుడు. బాగుచేయించడమంటే ఏమేమి చేయించడమో తేలింది మాత్రం జూన్ నెలాఖరులో. మేస్త్రీలు వచ్చి పనిచేసి వెళ్లిన కాలం కంటే, ఏ పని చేయించాలి, ఏది వదిలేయాలి, ఏది మన చేతులతో మనమే చేసుకోవచ్చు అని ఇంట్లో వాదించుకున్న కాలమే ఎక్కువ. ఖర్చు కూడా ఆ వాదన ఎలా ముగిసిందన్న దాన్నిబట్టే నిర్ణయమైంది కాబట్టి, పని సంగతి కంటే ముందు ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

మా ఇల్లు గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో, ట్రాక్టరు తిరగని ఒక సందులో ఉంది. ముందు భాగం తాతగారి కాలం నాటి మిద్దె. దగ్గరదగ్గరగా వేసిన టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, ఆపైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి, దాని మీద పలుచటి పెంకు బిళ్లలు పరిచిన కప్పు అది. మద్రాస్ టెర్రస్ అంటారు. వెనుక భాగం 1988లో నాన్నగారు వేయించిన సిమెంటు స్లాబు. 2021 నవంబరులో ఊరంతా నీటమునిగిన ఆ వానల తర్వాత ముందుగది ఉత్తరపు గోడకు చెమ్మ పట్టింది. అప్పట్లో పూసిన సిమెంటు పూత రెండేళ్లు తిరగకముందే పొరలుపొరలుగా లేచి, దాని వెనుక ఉన్న పాత ఇటుకల ముఖాన్ని కూడా ఊడబెరుక్కుని కిందపడడం మొదలైంది. వానాకాలంలో ఆ గోడ మీది స్విచ్ బోర్డు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి. మరమ్మతు ఆలోచనకు అసలు కారణం ఇంతే.

కానీ సంక్రాంతి నాడు మాట అక్కడ ఆగలేదు. ఎటూ చేయిస్తున్నాం కదా అంటూ ఒక్కొక్కరూ ఒక్కో పని చేర్చారు. చెన్నైలో ఉండే తమ్ముడు, "అన్నా, మధ్య గోడ తీసేస్తే హాలు పెద్దదవుతుంది, ఈ ఇంటికి గాలీ వెలుతురూ వస్తుంది" అన్నాడు. నా భార్యకు వెనుక స్నానాలగది మార్చాలని, అమ్మ మోకాళ్ల నొప్పులకు కూర్చునే కమోడ్ పెట్టించాలని ఎప్పటినుంచో ఉంది. అమ్మకు వంటింటి గట్టు ఎత్తు పెంచాలి. నేను గోడల చెమ్మ గురించి మాట్లాడుతుంటే, "నీళ్లు కారేది నీ గదిలోరా, నడుము పడిపోయేది నా వంటింట్లో" అన్నది. ఆ మాటకు మా ఎవరి దగ్గరా జవాబు లేదు. కడప బండలు తీసి టైల్స్ వేయాలని పిల్లలు అన్నారు. ఆ రాత్రికి ఇల్లు మొత్తం విప్పి మళ్లీ కట్టినంత పని కాగితం మీదికి ఎక్కింది.

ఫిబ్రవరి, మార్చి నెలలు లెక్కలు అడగడంలోనే గడిచాయి. ఫోన్ చేసినవారు వచ్చి చూడడానికి వారం, చూసి వెళ్లినవారు లెక్క పంపడానికి మరో రెండు వారాలు పట్టింది. మొదట వచ్చిన కాంట్రాక్టరు ఇల్లంతా కలిపి తొమ్మిది లక్షలన్నాడు. అందులో ఏముందో విడివిడిగా రాసివ్వమంటే, అలా రాయడం తమకు అలవాటు లేదన్నాడు. రెండో ఆయన మిద్దె మీద మూడు అంగుళాల సిమెంటు కాంక్రీటు పరిస్తే కారడం శాశ్వతంగా పోతుందని చెప్పి, చదరపు అడుగు లెక్కన ధర వేశాడు. మూడో మనిషి వయసు మళ్లిన మేస్త్రి, తీర్థకట్ట వీధి వైపు పాత ఇళ్లలో పనిచేసినవాడు. ఆయన గోడను వేలి కణుపులతో తట్టి, మెట్లెక్కి మిద్దె మీద అటూ ఇటూ నడిచి, దిగి వచ్చి, "విప్పితే గానీ చెప్పలేను సామీ, ఇప్పుడు చెప్పినా అది లెక్క కాదు, జోస్యం" అన్నాడు. ఆరోజు ఆ మాట విని నాకు చిరాకేసింది. అంకె చెప్పేవాడి మీద నమ్మకం కుదరక, నమ్మకం కుదిరినవాడు అంకె చెప్పక, రెండు వారాలు ఏమీ చేయకుండా కూర్చున్నాం.

ఏప్రిల్‌లో ఒక సివిల్ ఇంజనీరును పిలిచి చూపించాం. చూసి, ఒక పేజీ రాసిచ్చినందుకు ఆయన తీసుకున్నది మూడు వేలు. మొత్తం ఖర్చులో ఇంత ఫలితమిచ్చిన మూడు వేలు మరొకటి లేదు. ఆయన మధ్య గోడ దగ్గర నిలబడి పైకి చూపించి, టేకు దూలాలన్నీ ఒక కొనతో ఆ గోడ మీదే ఆనుతున్నాయని, అది గదులను విడదీసే గోడ కాదు, కప్పును మోసే గోడ అని చెప్పారు. హాలు పెద్దది చేసే ఆలోచన ఆ నిమిషంలో ముగిసింది. తమ్ముడికి ఫోటోలు పంపి చెప్పాల్సి వచ్చినా, వాడు వాదించలేదు.

మిద్దె మీద కాంక్రీటు సంగతి అడిగితే ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. పదడుగుల చదరం మీద మూడు అంగుళాల కాంక్రీటు వేస్తే 1,700 కిలోల బరువు అవుతుంది; అంత బరువు ఆ దూలాల మీద ఎప్పటికీ ఉండిపోతుంది. కారే చోటు మూయడానికి కప్పు మొత్తానికి బరువెక్కించనక్కర లేదని ఆయన అభిప్రాయం. సున్నపు గోడ మీద సిమెంటు పూత ఎందుకు నిలవలేదో కూడా అప్పుడే తెలిసింది. సున్నం గోడలోని చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు పట్టి ఉంచుతుంది; లోపల చిక్కుకున్న నీరు ఉప్పుతో సహా ఇటుకలోనే తేలి, పూతను వెనుకనుంచి తోస్తుంది. ఊడిన పెచ్చును తిప్పి చూస్తే వెనుకవైపు తెల్లటి ఉప్పు, నూగు పట్టినట్టుగా స్పష్టంగా కనబడింది.

అన్నిటికంటే ముఖ్యంగా ఆయన అడిగిన ప్రశ్న మా లెక్కను మార్చేసింది. మేము అప్పటిదాకా పనిని గదులవారీగా రాసుకున్నాం: ముందుగది, వంటిల్లు, స్నానాలగది, వరండా. ఆయన ఆ కాగితం చూసి, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ఇందులో ఎక్కడా లేదేమిటని అడిగారు. ఉత్తరపు గోడ చెమ్మ ముందుగదికి సంబంధించింది కాదు. అది మిద్దె మీది పిట్టగోడ దగ్గర మొదలై, గోడ లోపల దిగి, గదిలో బయటపడుతోంది. స్విచ్ బోర్డు కూడా ఆ దారిలోనే ఉంది. గదిని బాగుచేయిస్తే ఆ దారి అలాగే ఉంటుంది. ఆ దారి వెంట పనిచేస్తే, గదిలో చేయాల్సింది చాలా తక్కువ.

వెంటనే పని మొదలుపెడదామంటే కాలం కలిసిరాలేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆ వారం మేస్త్రి పనికి రానని ముందే చెప్పాడు, మేమూ అడగలేదు. జూన్ మొదట్లో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు. వాహనసేవలు జరిగే వేళల్లో మా సందు మొదట్లోకి ఇసుక బండి రావడమే కుదరదు. పాత ఊళ్లో పని పెట్టుకునేవారు పంచాంగంతోపాటు ఉత్సవాల తేదీలు కూడా చూసుకోవాలని ఎవరూ ముందుగా చెప్పరు.

ఆ ఖాళీ కాలంలో నీటి పరీక్ష చేశాం. వెనుక సిమెంటు స్లాబుకు తూములను గోనెపట్టాతో, బంకమట్టితో మూసి, రెండు అంగుళాల నీరు నిలిపి, పిట్టగోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. మర్నాడు చూస్తే ఎండకు ఆవిరైనంత మాత్రమే తగ్గింది, కింద గదుల్లో చుక్క లేదు. వెనుక భాగం కప్పు మొత్తం జాబితా నుంచి ఆ ఒక్క పరీక్షతో తప్పుకుంది; కాంట్రాక్టర్లు ఇద్దరూ దానికి కూడా వాటర్ ప్రూఫింగ్ ధర వేసి ఉన్నారు. ముందు మిద్దెకు మాత్రం ఈ పరీక్ష చేయవద్దని ఇంజనీరు గట్టిగా చెప్పారు. పదడుగుల చదరంలో అంగుళం నీరు నిలిపినా 236 కిలోలు. పాత కర్ర కప్పు మీద ఆ సాహసం అక్కర్లేదు. అందుకని అక్కడ ఒక్కో వైపు బిందెలతో నీళ్లు పోస్తూ, కింద నా భార్య గోడ మీద చేయి పెట్టి చూస్తూ, చోటు కనిపెట్టాం. దక్షిణం, పడమర వైపు ఎంత పోసినా ఏమీ లేదు. ఈశాన్యం మూల తూము దగ్గర పోసిన కాసేపటికే కింద గోడ రంగు మారింది.

ఆ మూలలో పిట్టగోడ పగులులో ఒక రావి మొక్క ఉంది. బయటికి కనిపించేది జానెడే. మేస్త్రి తాపీ మొనతో చుట్టూ గీకి చూపిస్తే, బొటనవేలంత లావు వేరు తూము పక్కగా గోడలోకి దిగి ఉంది. నీళ్లకు దారి వేసింది అదే. రావి మొక్కను నరకడానికి అమ్మ ఒప్పుకోలేదు. నరికితే వేరు మళ్లీ చిగురిస్తుందని మేస్త్రి కూడా ఒప్పుకోలేదు. చివరికి పిట్టగోడను రెండడుగుల మేర విప్పి, వేరుతో సహా బయటికి తీసి, కుండీలో నాటడానికి ఇద్దరూ సమ్మతించారు. ఈ ఒక్క పనికి అదనంగా పడ్డ కూలి నాలుగు వేల దాకా అయింది. అది ఏ లెక్కలోనూ ముందుగా లేదు.

జూన్ 26న ఆషాఢం మొదలవుతుందనగా, అంతకుముందే కాగితం తేల్చుకున్నాం. ఒక వైపు చేయించేవి రాశాం: ఉత్తరం వైపు పిట్టగోడ, దాని పొడవునా మూడడుగుల వెడల్పున మిద్దె బిళ్లలు, ఈశాన్యం తూము, ఉత్తరపు గోడ పూత, ముందు భాగం మొత్తం వైరింగు. ఇంకో వైపు ఈసారి చేయించనివి రాశాం: మధ్య గోడ, టైల్స్, స్లాబు, రంగులు, స్నానాలగది. వంటింటి గట్టు మాత్రం ఏ పక్కా రాయకుండా, డబ్బు మిగిలితే అని కింద రాసి ఉంచాం. అమ్మ ఆ మాట చదివి కాగితం తిరిగి ఇచ్చేసిందే తప్ప ఏమీ అనలేదు. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఆ పూట. వదిలేసే పనులు కూడా కాగితం మీద ఉండడం తర్వాత చాలా ఉపయోగపడింది. పని మధ్యలో ఎవరైనా కొత్త కోరిక తెచ్చినప్పుడు, దాని గురించి అప్పుడే మాట్లాడేశామని చూపించగలిగాం.

ఆషాఢంలో ఇంటి పని మొదలుపెట్టకూడదని అమ్మ అంటే, పురోహితుణ్ణి అడిగాం. కొత్త కట్టడానికి, గృహప్రవేశానికే ఆ నిషేధమని, మరమ్మతుకు పట్టింపు లేదని ఆయన అన్నారు. దీనివల్ల మాకు మేలే జరిగింది. ఆ నెలలో పనులు తక్కువ కాబట్టి మేస్త్రి వెంటనే దొరికాడు. కార్పొరేషన్ అనుమతి గురించి కూడా ముందే కనుక్కున్నాం: పూతలు, కప్పు బిళ్లల మార్పు, గచ్చు, రంగులు వంటి మరమ్మతులకు ప్లాను అక్కర్లేదు, గది పెంచినా, పైన అంతస్తు వేసినా కావాలి.

జూలై మొదటి వారంలో పని మొదలైంది. మేస్త్రికి రోజుకు 1,100, సహాయకులకు 750 చొప్పున రోజు కూలికే పెట్టుకున్నాం. విప్పితే గానీ తెలియని పనిని గుత్తకిస్తే, విప్పకుండానే మూసేసే ప్రమాదం ఉందని నా నమ్మకం. గానుగ సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరే సున్నం, కలిపే మనుషులు తిరుపతిలో ఇప్పుడు తక్కువ. కరక్కాయలు దంచి, బెల్లంతో కలిపి నానబెట్టిన నీళ్లు ఆ సున్నంలో వాడుతుంటే ఇల్లంతా వారం రోజులు పులిసిన వాసన వేసింది. ఇసుకకు ప్రభుత్వం ధర తీసేసినా, ఎత్తిపోసినందుకు, తెచ్చినందుకు, సందు మొదటినుంచి తట్టలతో మోసినందుకు మాకు పడ్డది తక్కువేమీ కాదు. ఊడగొట్టిన పెళ్లను బయటికి పంపడానికి అయిన ట్రాక్టరు ఖర్చు కూడా ఎవరి లెక్కలోనూ ఉండదు. మాకు అది తొమ్మిది వేలయింది. బిళ్లలు లేపినప్పుడు పగిలినవాటికి బదులు కొత్తవి అదే కొలతలో దొరకలేదు. పడమర వైపు మెట్ల కింద తాతగారు దాచి ఉంచిన పాత బిళ్లలతోనే సరిపెట్టాం.

రెండో వారంలో ఉత్తరపు గోడ పూత తీస్తుండగా ఒక దూలం కొన బయటపడింది. మేస్త్రి స్క్రూడ్రైవరుతో పొడిస్తే, గోడలో దాగిన నాలుగు అంగుళాలు మెత్తగా లోపలికి దిగింది. ఆ తర్వాత టేకు రాయిలా గట్టిగా ఉంది. పని ఆపించి, ఇంజనీరును మళ్లీ పిలిచాం. ఆయన వచ్చేవరకు నాలుగు రోజులు సరుగుడు కర్రల ఊతం మీద కప్పును నిలబెట్టి, ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వలేదు. ఆ నాలుగు రాత్రులు నాకు సరిగా నిద్రలేదు. కొన కోసేసి, ఇనుప ఛానల్ పట్టీని గోడకు బిగించి దూలాన్ని దాని మీద ఆనించడం ఆయన చెప్పిన పద్ధతి. దానికి ఇరవై ఎనిమిది వేలయింది. వంటింటి గట్టుకు మిగులుతుందనుకున్న డబ్బు అదే. కాగితం తీసి ఆ చివరి వరుస కొట్టేయాల్సి వచ్చినప్పుడు నేను చెప్పబోయేలోపే అమ్మ, "కప్పు పడకుండా ఉంటే గట్టు సంగతి చూసుకోవచ్చులే" అన్నది.

వైరింగు విషయంలో మాత్రం ఎవరూ బేరమాడలేదు. పాత వైర్లు చెక్క పట్టీల మీద నడిచినవి; ఎర్తు లేదు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించి, పెరట్లో ఎర్తు గుంత తీయించాం. ఎలక్ట్రీషియను ఉత్తరపు గోడకు గాడులు కొడతానంటే మేస్త్రి వద్దన్నాడు. తడి ఆరని గోడను మళ్లీ కోయకుండా, బోర్డును మధ్య గోడ మీదికి మార్చి, పైపులను పైకే కనబడేలా వేయించాం. చూడడానికి అందంగా లేదని తమ్ముడు ఇప్పటికీ అంటాడు. వైరింగుకు మొత్తం 82 వేలయింది. ఎర్తు గుంతకు వారం ఆలస్యమవడం తప్ప అందులో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.

మా చేతులతో మేము చేసుకున్నవి కొన్ని ఉన్నాయి: కిటికీల పాత రంగు గీకడం, చువ్వలకు రెడాక్సైడ్ పూయడం, తూముల్లో చెత్త తీయడం, సున్నపు పూత ఎండకుండా గోనెపట్టాలు కప్పి రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లడం. ఈ చివరిది తేలికగా కనిపిస్తుంది గానీ, మూడు వారాలు ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్లలేకపోయాం. నిచ్చెన ఎక్కి పిట్టగోడ అవతలికి వంగాల్సిన పనీ, కరెంటు పనీ, బరువు మోసే చోట పనీ మేము ముట్టుకోలేదు.

ఆగస్టు చివరికి పని ముగిసింది. ఇంజనీరు ఫీజులతో సహా మొత్తం మూడు లక్షల డెబ్బై వేలు దాటింది. తూము చుట్టూ, ఎర్తు గుంతకు, ఛానల్ బిగించడానికి వాడిన కాస్త సిమెంటు ఆగస్టులోనే కొన్నాం. సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఎక్కువ సిమెంటు పనులున్నవారికి అది కలిసివచ్చి ఉంటుంది. మేస్త్రి కూలిలో పదిశాతం వానలు చూశాక ఇస్తామని మొదటే మాట్లాడుకున్నాం. దీపావళి తర్వాత వాన పట్టింది. మూడో రోజున ఉత్తరపు గోడ పైభాగంలో అరచేయంత మచ్చ కనబడింది. ఫోన్ చేస్తే వాన తెరిపి ఇచ్చిన రోజు ఆయనే వచ్చి, తూము నోటి దగ్గర అతుకు వదిలిందని చూపించి, మళ్లీ పూసి, కూలి అడగలేదు. ఆ తర్వాతి వానకు మచ్చ పెరగలేదు, పూర్తిగా ఆరనూ లేదు. నవంబరు నెలాఖరున మిగిలిన డబ్బు ఇచ్చేశాం. స్నానాలగదికి, వంటింటి గట్టుకు కలిపి వేరే మనిషి దగ్గర లెక్క తీసుకున్నాం. లక్షా పదివేలు అన్నాడు, ఈసారి విడివిడిగా రాసిచ్చాడు. గట్టు ఎంత ఎత్తుండాలో అమ్మ గోడ మీద సుద్దముక్కతో గీత గీసి పెట్టింది.